సీనియర్ ఇంటరు చదువు: ఎంత బరువు ఎత్తుకోవాలి?



ఇవాళ నేను ఊరగాయల గురించీ, కుట్టుపని గురించీ మాట్లాడబోవడం లేదు. ఇంట్లో సీనియర్ ఇంటరు చదివే పిల్లో పిల్లాడో వున్న తల్లులతో కాస్సేపు చెప్పుకుందామని వచ్చాను. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. "ఈవిడకేం తెలుసండీ ఇంటరు సంగతి?" అని మీరనుకుంటే తప్పులేదు. అయితే ఆ ఏడాది పొడుగునా తెల్లవారుఝామున లేపిందీ, క్యారియరు కట్టిందీ, రాత్రి తలుపు తీసిందీ నేనే. పుస్తకంలోపలి లెక్కలు తెలియకపోయినా పుస్తకం బయటి లెక్కలు కొన్ని తెలిసొచ్చాయి.

2024 శ్రావణమాసంలో, వరలక్ష్మీవ్రతం నాటి మాట. మా అమ్మాయి అప్పుడు సీనియర్ ఇంటరు, ఎం.పి.సి. పండగ పూటా కాలేజీకి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరింది. అప్పటికే పేరంటాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. "అమ్మడూ, వంటింట్లో శనగల గిన్నె వుంది, పక్కింటి పిన్నిగారికి ఇచ్చి రామ్మా" అన్నాను. వెళ్ళిన పిల్ల ఎంతకీ రాదు. లోపలికెళ్ళి చూద్దును గదా, గిన్నె రెండు చేతులా పట్టుకుని గోడకి చేరబడి నిలబడే నిద్రపోతోంది.

లేపితే ఏడవలేదు, విసుక్కోలేదు. "రోజూ పాఠం వింటున్నానమ్మా, రోజూ పరీక్ష రాస్తున్నాను. చదువుకోడానికే టైము దొరకట్లేదు" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చదువుకోడానికి టైము లేని కాలేజీకా మనం ఫీజు కడుతున్నది!

ఆ రాత్రి క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవేపు ఇరవై నాలుగు గంటలూ రాశాం. కాలేజీలో పదమూడు గంటలు. రానూ పోనూ బస్సు ఒక గంట. నిద్ర ఐదున్నర. స్నానం, తిండి, జడ వేసుకోడం అన్నీ కలిపి రెండు. ఇక మిగిలింది రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటల్లో మర్నాటి పరీక్షకి చూసుకోవాలి, రికార్డు రాయాలి, తప్పుచేసిన లెక్కలు మళ్ళీ చెయ్యాలి. మా వారు కాగితం చూసి, "మన చిల్లర కొట్టు పద్దు ఇలా వుంటే ఈపాటికి దివాలా తీసేవాళ్ళం" అన్నారు.

ఇంతకీ ఈ పిల్లల నెత్తిన వున్న పరీక్షలు ఎన్ని? మనం అన్నిటినీ కలిపి "ఇంటరు" అంటాం గాని, అవి వేరువేరు. మా అమ్మాయి రాసిన ఏడాదినే తీసుకోండి. 2025 జనవరిలో జె.ఇ.ఇ. మెయిన్ మొదటి విడత. ఫిబ్రవరిలో ప్రాక్టికల్సు. మార్చిలో బోర్డు పరీక్షలు. ఏప్రిల్‌లో మెయిన్ రెండో విడత. మే నెలలో ఒకవేపు అడ్వాన్స్‌డ్, మరోవేపు మన రాష్ట్రం వాళ్ళ ఇ.ఎ.పి.సెట్, అదే పాత ఎంసెట్. ఇది 2021 నుంచీ పేరు మార్చుకుంది. బై.పి.సి. పిల్లలకైతే అదే మే నెలలో నీట్. అయిదు నెలల్లో ఇన్ని గండాలు.

వీటిల్లో ఏది దేనికి చుట్టమో తెలుసుకోవడం తల్లులకి అవసరం. మా వీధిలో రిటైరైన ఫిజిక్సు మాస్టారొకరున్నారు. ఆయన అరుగుమీద కూచోబెట్టి చెబితే నాకు అర్థమైంది. ఇ.ఎ.పి.సెట్‌కి వేరే పాఠాలు లేవు, ఇంటరు రెండేళ్ళ పాఠాలే. అంచేత బోర్డు పరీక్షకి శ్రద్ధగా చదివిన చదువు అక్కడికీ పనికొస్తుంది. తేడా అల్లా వేగంలో. మూడు గంటల్లో 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్సు 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. తప్పు రాస్తే మార్కు పోదు. మెయిన్‌లో అవే మూడు గంటలకి 75 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల పైచిలుకు. సరైన జవాబుకి 4 మార్కులు వేసి, తప్పుకి ఒక మార్కు కోస్తారు. అక్కడ తెలియనిదాన్ని వదిలెయ్యడం నేర్చుకోవాలి. ఇక అడ్వాన్స్‌డ్ సంగతి వేరు. అది ఐ.ఐ.టి.ల కోసం. మెయిన్‌లో పైన నిలిచిన రెండున్నర లక్షల మందినే దానికి కూచోనిస్తారు. దాని లెక్క ఒక్కటి విప్పాలంటే కొన్నిసార్లు అరగంట పడుతుందిట.

"కాబట్టి అమ్మా, బోర్డూ ఇ.ఎ.పి.సెట్టూ ఒకే ఇంటివి. మెయిన్ దాయాది. అడ్వాన్స్‌డ్ వేరే ఊరిది" అన్నారు మాస్టారు. నాకీ మాట బాగా పట్టుకుంది. బరువు ఎక్కడినుంచి వచ్చిపడుతోందో అప్పుడు కనబడింది. మా అమ్మాయి సెక్షనులో నాలుగిటికీ ఒకేసారి తయారు చేస్తున్నారు.

మార్కుల లెక్క కూడా చెప్పనివ్వండి. ఎం.పి.సి.కి మొత్తం 1000 మార్కులు. మొదటి ఏడు 470, రెండో ఏడు 530. రెండో ఏట ఆ ఎక్కువ వచ్చిన 60 ప్రాక్టికల్సువే. బై.పి.సి. వాళ్ళకైతే ప్రాక్టికల్సు 120. "రికార్డేముంది, ఆఖర్న ఎవరిదో చూసి రాసేద్దాం" అనే పిల్లలు చాలామంది. చేతికందిన మార్కులు అవి, నిద్ర కాచి సంపాదించుకోవలసినవి కావు. ఇక 2025 ఇ.ఎ.పి.సెట్ ర్యాంకులో ఇంటరు గ్రూపు మార్కులకి నూటికి 25 వంతు లెక్కకట్టారు. ఆ గ్రూపు మార్కులు రెండేళ్ళవీ కలిపి 600. ఎన్.ఐ.టి.ల్లో సీటు కావాలంటే మెయిన్ ర్యాంకుతోబాటు ఇంటరులో నూటికి 75 రావాలి, లేదా బోర్డులో పైన ఇరవై వంతుల్లో వుండాలి. ఇంగ్లీషునీ, రెండో భాషనీ పనికిరానివని మూల పడేసే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు.

రెండో భాష అన్నాను గనక ఒక్క మాట. తెలుగింటి పిల్లలు తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటున్నారు, భక్తితోనో, కాళిదాసుమీద ప్రేమతోనో కాదు, మార్కులు పడతాయనిట! మా అమ్మాయీ అదే చేసింది. బరువు తగ్గించుకోవడంలో ఇదొక పద్ధతి. నాకు నచ్చలేదు గాని, ఆ నాలుగు గంటలూ వేరేచోట అక్కరకొచ్చాయని ఒప్పుకోవాలి.

(2025-26లో జూనియర్ ఇంటరులో చేరినవాళ్ళకి ఈ లెక్కలు మారాయి. లెక్కలు ఎ, బి అనే రెండు పేపర్లకి బదులు ఒకటే పేపరు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠాలు వచ్చాయి. మీ పిల్ల ఏ ఏడు చేరిందో చూసుకుని కాలేజీలో అడగండి.)

మన కాకినాడలో ఈ తాపత్రయం ఇంకాస్త ఎక్కువ, దానికి కారణం లేకపోలేదు. 1946లో విశాఖపట్నం పేరుమీద పుట్టిన ఇంజనీరింగు కాలేజీ మన ఊరికి వచ్చి స్థిరపడి, ఇవాళ జె.ఎన్.టి.యు. అయింది. 1958 నుంచీ రంగరాయ మెడికల్ కాలేజీ వుంది. అటు వెళ్ళినా ఇటు వెళ్ళినా ఆ గేట్లే కనబడతాయి. మా మామగారి రోజుల్లో ఎస్.ఎస్.ఎల్.సి. అయ్యాక ఒక్క ఏడాది పి.యు.సి., ఆ తరవాత డిగ్రీ. రెండేళ్ళ ఇంటరు మళ్ళీ 1969 ప్రాంతాల వచ్చింది, 1971లో బోర్డు ఏర్పడింది. "మాకు సాయంత్రం నాలుగింటికి కాలేజీ వదిలేవారు, ఆ పైన పుస్తకాలు మా చేతుల్లో వుండేవి" అంటారాయన. ఆ రోజులు తిరిగి రావు. వచ్చినా, అప్పుడు ఆ కాలేజీల్లో ఆడపిల్లలు ఎంతమంది?

క్యాలెండరు కాగితం పట్టుకుని నేనే కాలేజీకి వెళ్ళాను. అక్కడి ఆయన ఓపిగ్గానే విని, ఆఖర్న, "మీరు చదువుకోలేదు గనక మీకు తెలియదమ్మా. మీ అమ్మాయిది టాప్ సెక్షను. ఎంతమంది దానికోసం క్యూలో వున్నారో తెలుసా? కింది సెక్షనుకి పంపితే మళ్ళీ పైకి రాదు" అన్నారు. దారిపొడుగునా ఆ మాటే చెవిలో రొదపెట్టింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. చదువుకోలేదని నన్నన్నందుకు కాదు. ఆయన చెప్పింది నిజమైతే?

ఇక్కడ నా భయం మీకు చెప్పాలి. 1995లో నాకు పదో తరగతి లెక్కల్లో 83 వచ్చాయి. పిఠాపురం దగ్గర పల్లెటూరు మాది. కాకినాడ కాలేజీలో ఎం.పి.సి. చేరతానన్నాను. "బస్సులో పోయి రావడం, లెక్కలు, అంత బరువు ఆడపిల్లకెందుకమ్మా" అన్నారు మా నాన్నగారు. ప్రేమతోనే అన్నారు. ఆ ప్రేమ పుణ్యాన నేను ఏ బరువూ ఎత్తలేదు. ఇప్పుడు నా కూతుర్ని "కాస్త తేలిక చేసుకోవే" అంటున్నాను. అదే మాట నా నోట మళ్ళీ పలుకుతోందా అని రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

తేలిక చేసుకుని నష్టపోయినవాళ్ళని చూశాను కూడా. మా మరిది కొడుకు లెక్కల్లో చురుకైనవాడే. ఎం.పి.సి.లో పిల్లలు పడే అవస్థ చూసి బెదిరి సి.ఇ.సి. తీసుకున్నాడు. సి.ఇ.సి. తక్కువదని నేననను, వ్యాపారం, లా, చార్టర్డ్ అకౌంటెన్సీ, ఎన్నో దారులున్నాయి. కానీ వీడికి మిషన్లంటే ప్రాణం. ఫ్యాను పాడైతే విప్పందే నిద్రపోడు. రెండేళ్ళ తరవాత ఇంజనీరింగు కావాలంటే తలుపు మూసుకుపోయింది. పదో తరగతి అవగానే పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరివుంటే డిప్లొమా అయ్యాక ఇ.సెట్ ద్వారా బి.టెక్ రెండో సంవత్సరంలోకే వెళ్ళుండేవాడు. ఆ దారి వుందని చెప్పినవాళ్ళు లేరు. పిల్లాడికి ఇష్టమైనదాన్ని భయంకొద్దీ తీసేస్తే అది బరువు తగ్గించడం కాదు, పిల్లాణ్ణి తగ్గించడం.

మళ్ళీ మాస్టారి దగ్గరికే వెళ్ళాను. ఆయన నన్నేమీ అడగలేదు. పిల్లని పిలిచి ఒక్కటే అడిగారు: "రోజు మొత్తంమీద ఒక లెక్క నీ అంతట నువ్వు, ఎవరూ బోర్డుమీద చెయ్యకుండా, కుస్తీపట్టి చేసుకోడానికి ఎంతసేపు దొరుకుతోంది?" మా అమ్మాయి ఆలోచించి, "ఆదివారం ఒక గంట" అంది. "అయితే నువ్వు చూస్తున్నావమ్మా, చదవట్లేదు. గట్టి కోర్సు అంటే ఎక్కువ పేజీలు కాదు, ఎక్కువసేపు ఒక్కదానితో కూచోడం. ఆ కూచునే టైము లేనప్పుడు టాప్ సెక్షనైతేనేం, మరోటైతేనేం" అన్నారు.

అప్పుడు నలుగురం కూచుని ఒక్కోటీ అడిగాం. లెక్కలు వదులుతావా? వదలనంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫిజిక్సు? కష్టమే గాని వుండనీ. మెయిన్? రాస్తాను, రెండుసార్లూ. అడ్వాన్స్‌డ్? చాలాసేపు మాట్లాడలేదు. "ఐ.ఐ.టి. నా కోరికో సెక్షను కోరికో నాకే తెలియట్లేదమ్మా" అంది. అడ్వాన్స్‌డ్ దించేశాం. సెక్షను మార్పించాం. రోజూ సాయంత్రం క్లాసులు ఐదున్నరకి అయిపోయేవి. నిద్ర ఏడు గంటలకి పెరిగింది. రోజుకి రెండు గంటలు తనకి తనే చేసుకునే లెక్కలకి కేటాయించాం. ఆ రెండు గంటల్లో టీవీ లేదు, చుట్టాలు లేరు, నేను కూడా గదిలోకి వెళ్ళను.

బై.పి.సి. తల్లులకి దీన్ని ఇలా తిప్పి చెప్పొచ్చు. నీట్‌లో 180 ప్రశ్నలకి 180 నిమిషాలు. వాటిలో 90 బయాలజీవే. అంటే 720 మార్కుల్లో 360. బయాలజీ గట్టిగా వున్న పిల్ల నిద్రమాని ఫిజిక్సుతో కొట్టుకుంటోందంటే, ఫిజిక్సులో ఏ పాఠాలు తప్పనిసరి, ఏవి తరవాత చూసుకోవచ్చో లెక్చరర్ని అడిగి గీత గీయించండి. మొత్తం గ్రూపునే తిట్టుకోనక్కరలేదు.

మా పిన్ని కూతురు అమెరికాలో టెక్సాస్‌లో వుంటుంది. అక్కడ హైస్కూలు ఆఖరి ఏట ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో స్థాయి ఎంచుకోవచ్చట. వాళ్ళమ్మాయి లెక్కలు కాలేజీ స్థాయిది, అదే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంటుది తీసుకుంది, చరిత్ర మామూలుది. "మీకు నయమే తల్లీ" అంటే, "నయమేమిటక్కా, ఇక్కడ పిల్లలు అలాంటివి ఆరేసి ఎత్తుకుని అర్థరాత్రిదాకా కూచుంటున్నారు" అంది. మనకి గ్రూపు మొత్తం మూటగట్టి ఇస్తారు. అయినా మూట విప్పి ఏది గట్టిగా, ఏది మామూలుగా అని ఇంట్లో అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సెక్షను మారితే ఏమవుతుందో కూడా దాచకుండా చెబుతాను. మొదటి పదిహేను రోజులూ ఇల్లు చావింటిలా వుంది. స్నేహితురాళ్ళు పలకరించడం తగ్గించారు. ఒక పెళ్ళిలో మా ఆడపడుచుగారు నలుగురిలో, "దీన్ని కింది సెక్షనుకి దింపేశారటగా" అన్నారు. పిల్ల పంక్తిలోంచి లేచి వెళ్ళిపోయింది. పిల్లల్ని పైనా కిందా అని విడగొట్టడం ఎంత విషమో నాకు అప్పుడు తెలిసింది. ఆ తరవాత 2025 జూలైలో, మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో, నీట్ కోచింగులో వున్న విద్యార్థిని చనిపోయిన కేసు అది, సుప్రీం కోర్టు దేశం మొత్తానికీ కొన్ని ఆదేశాలిచ్చింది. మార్కులనిబట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడదియ్యవద్దని, నలుగురిలో సిగ్గుపరచవద్దని, వందమందీ అంతకు పైబడీ పిల్లలున్నచోట కనీసం ఒక కౌన్సిలరు వుండాలని అందులో వుంది. అంతకుముందే 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి రోజుకి అయిదు గంటలకి మించి క్లాసులు వద్దని, వారానికో రోజు సెలవివ్వాలని మార్గదర్శకాలిచ్చింది. మన దగ్గర కాలేజీ, కోచింగూ పాలూ నీళ్ళలా కలిసిపోయాయి గనక ఆ అయిదు గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతాయో చెప్పేవాళ్ళుండరు. అయినా ఫీజు కట్టే ముందు, "మీ దగ్గర కౌన్సిలరు వున్నారాండి? ఆదివారం సెలవేనాండి?" అని అడిగే హక్కు మనకుంది. అడగండి. మొహమాటపడకండి.

పిల్ల అన్నం మానేసినా, నిద్ర బొత్తిగా పోయినా, "నేను వుండి ఏం లాభం" లాంటి మాట అన్నా, అది చదువు బరువు మాట కాదు, వెంటనే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాల్సిన మాట. ఇంట్లోంచి ఫోను చెయ్యాలంటే 14416, టెలి-మానస్ అంటారు, 2022 నుంచీ వుంది. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, తల్లులూ చెయ్యొచ్చు.

మీరు అడక్కుండా వుండరు, మా అమ్మాయి ఏమైందని. జనవరి మెయిన్ సరిగా రాలేదు. ఏప్రిల్‌లో కాస్త నయం, అయినా ఎన్.ఐ.టి.కి సరిపోలేదు. బోర్డు మార్కులు బాగానే వచ్చాయి. ఇ.ఎ.పి.సెట్ ర్యాంకుతో ఎలక్ట్రానిక్సులో సీటొచ్చింది. మన ఊళ్ళో కాదు, హాస్టల్లో వుంటోంది. రాత్రి ఫోనులో ఆ రోజు చేసిన లెక్కో, పాడుచేసిన సర్క్యూటో చెబుతుంది. నాకు సగం అర్థం కాదు, వింటూ కూచుంటాను. ఒక్కోసారి మాత్రం, "అమ్మా, ఆ సెక్షనులోనే వుండివుంటే ఏమయ్యేదో" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. తన పాత స్నేహితురాళ్ళలో ఒకమ్మాయి ఐ.ఐ.టి.కి వెళ్ళింది, నిజం చెప్పాలిగా. ఇద్దరు మళ్ళీ లాంగ్‌టర్మ్ కోచింగులో వున్నారు.

ఈ ఏడు మా అబ్బాయి పదో తరగతి. వాడికి లెక్కలూ కావాలి, చెట్లూ చేమలూ కావాలి. కొత్త పద్ధతిలో లెక్కలూ బయాలజీ రెండూ కలిపి చదవొచ్చట, ఎం.బై.పి.సి. అంటున్నారు, అది తీసుకుంటానంటున్నాడు. కాదనడానికి నోరు రాలేదు, సరేననడానికీ ధైర్యం చాలలేదు. నిన్న రాత్రి క్యాలెండరు కాగితం ఇంకోటి చింపి వాడి ముందు పెట్టాను. "ముందు నిద్ర ఎన్ని గంటలో రాయరా, తరవాత సబ్జెక్టులు రాద్దాం" అన్నాను. ఎనిమిది అని రాశాడు. వాళ్ళ నాన్నగారు ఏడు చేశారు. ఇంకా బేరం తెగలేదు.